పెద్దకర్మ అయిన మర్నాడు

విశాఖ కంచరపాలెంలో మా ఎదురింటి అక్క వాళ్లాయన పోయి నిన్నటికి నెల. పొద్దున్నే డ్యూటీకని బండి మీద బయల్దేరిన మనిషి. ఎన్‌ఏడీ జంక్షన్ దాటకుండానే యాక్సిడెంట్.

ఆ రోజు మార్చురీ బయట ఆరు గంటలు కూర్చున్నాం. ఇలాంటి చావుకి పోలీసుల పంచనామా, పోస్టుమార్టం అయ్యాకే మనిషిని ఇస్తారు. "ఇంకా ఎందుకు ఇవ్వట్లేదురా?" అని అక్క అడుగుతూనే ఉంది. నేను "ధైర్యంగా ఉండక్కా" అన్నాను. ఎందుకన్నానా అని ఇప్పటికీ బాధే. ధైర్యం ఎక్కణ్ణుంచి తెస్తుంది? మా పెద్దమ్మ మాత్రం ఏమీ మాట్లాడలేదు. చెయ్యి పట్టుకుని కూర్చుంది, మధ్యలో కాస్త మజ్జిగ తాగించింది.

పెద్దకర్మ దాకా ఇంటినిండా జనం. మర్నాడు సాయంత్రానికి గుమ్మం ముందు ఒక్క చెప్పుల జత లేదు. అసలు పని అప్పుడే మొదలైంది. 21 రోజుల్లోపు మరణ నమోదు, ఎఫ్‌ఐఆర్ కాపీ, బ్యాంకు. ఆ కాగితాలు నేను పట్టుకు తిరిగాను.

పిల్లాడికి ఎవరో "నాన్న ఊరెళ్లాడు" అని చెప్పారు. వాడు రోజూ గేటు దగ్గరే. చివరికి అక్కే నిజం చెప్పింది. చాలాసేపు ఏడ్చాడు. ఆ రాత్రి అమ్మ పక్కనే పడుకున్నాడు.

అక్కకి నిద్ర పట్టట్లేదంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేశాం. డబ్బులేం అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడారు.

బావ పేరెత్తితే ఏడుస్తుందని ఇన్నాళ్లూ మేమే ఎత్తలేదు. నిన్న తనే ఆయన గురించి గంటసేపు చెప్పింది. ఆదివారం మళ్లీ వెళ్తున్నాను, ఆర్కే బీచ్‌లో వాళ్లు ముగ్గురూ దిగిన ఫోటో ప్రింటు తీయించుకుని.