రచయిత ఆపిన చోట కథ ఆగాలి

ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగువాళ్లకి గురజాడ ఎంత సొంతమో ఒడియా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతీ అంతే. వీళ్ల రచనల్ని తెరకెక్కిస్తామనేవాళ్లు ఉన్న కథే తీస్తారా, తరవాతి కథ అల్లుతారా అన్నది ముందు తేలాలి. ఉన్న కథ తీయడమే రచయితకిచ్చే మర్యాదని నా నమ్మకం.

ఉన్న కథ తీస్తే ఏం కోసేశారో పుస్తకం పక్కన పెట్టుకుని ఎవరైనా పట్టుకోవచ్చు. కొనసాగింపుకి ఆ కొలబద్ద ఉండదు. పైగా మొదటి దెబ్బ ముగింపుకే తగులుతుంది. గిరీశం "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అన్నాక గురజాడ తెర దించేశారు. ఆ తరవాత వాడేమయ్యాడో చెప్పకపోవడం ఆయన ఇష్టం. శరత్ నవలలో దేవదాసు పార్వతి ఇంటిముందే ప్రాణం విడుస్తాడు. ఆ చావే నవలకి ముగింపు. 1978లో వచ్చిన 'దేవదాసు మళ్లీ పుట్టాడు' పేరులోనే ఆ చావుని దాటేసింది.

ఉన్న కథ తీసినంతమాత్రాన న్యాయం జరిగిపోదు. ఫకీర్ మోహన్ నవల 'ఛమాణ ఆఠగుంఠ' మొదట్లో ఏకాదశి ఉపవాసం ఘట్టం చూడండి. జమీందారు మంగరాజు పచ్చి ఉపవాసం ఉంటాడు. మర్నాటి పారణకని రాత్రి అతని పడకగదిలో పాలకుండ, అరటిపళ్లు పెడతారు. తెల్లారేసరికి కుండ ఖాళీ. కథ చెప్పేవాడు మాత్రం మంగరాజుని వెనకేసుకొస్తూనే ఉంటాడు. ఆ వెనకేసుకురావడంలోనే ఉంది వ్యంగ్యమంతా. కెమెరా రాత్రి గదిలోకి వెళ్లి మంగరాజు పాలు తాగుతున్నట్టు చూపిస్తే ఫకీర్ మోహన్ అక్కడే పోయినట్టు. తలుపు బయటే ఆగి, పొద్దున్న ఖాళీ కుండని, పక్కనే అతన్ని పొగిడే గొంతునీ ఇస్తే చాలు, ఆయన దక్కుతారు. సంఘటనలన్నీ ఉంచి గొంతు వదిలేయడమే మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు.

'కన్యాశుల్కం'లో ఆ గొంతు యాసలో ఉంది. గిరీశం ఇంగ్లీషు కలిపిన మాట, అగ్నిహోత్రావధాన్ల విసురు, పోలిశెట్టి మాట దేనికదే. అన్నిటినీ ఒకే సినిమా భాషలోకి ఇస్త్రీ చేయడం కన్నా రెండు రంగాలు ఎత్తేయడం నయం. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడింది పర్లాకిమిడి నుంచే కదా, ఈ విషయంలో మనం రాజీపడకూడదు.

గురజాడ 1915లో, ఫకీర్ మోహన్ 1918లో పోయారు. రచయిత పోయాక అరవై ఏళ్లకి కాపీరైట్ తీరిపోతుంది కనక వాళ్ల రచనలకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కోరాపుట్ పరజా గిరిజనుల బతుకు రాసిన ఒడియా నవలాకారుడు గోపీనాథ్ మహంతి 1991లో పోయారు. ఆయన పుస్తకాలకి 2051 చివరిదాకా హక్కుదారుల సంతకం కావాలి.

ఇప్పుడు రాస్తున్నవాళ్లు సినిమా హక్కులిచ్చే ఒప్పందంలో గడువు, ప్రాంతం తప్పక రాయించుకోండి. రాయకపోతే కాపీరైట్ చట్టం గడువు అయిదేళ్లనీ, ప్రాంతం భారతదేశమంతా అనీ అనుకుంటుంది. హక్కులు అమ్మేశాక కూడా, పరువు పోయేలా రచనని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు అదే చట్టం 57వ సెక్షన్ కింద మీకుంటుంది. ఆ దాకా పోకుండా, ఇచ్చింది ఈ ఒక్క కథనే అనీ, పాత్రలతో మరో కథ అల్లాలంటే విడిగా రాతపూర్వక అనుమతి ఉండాలనీ ముందే ఒక వాక్యం చేర్పించండి.