మొహం క్రీము తెచ్చిన కిడ్నీ జబ్బు

పొద్దున లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు, సాయంత్రానికి కాళ్ళ వాపు. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉండిపోయేది. మూత్రంలో నురగ, చెంబుడు నీళ్ళు కొట్టినా పోదు. ఒంటికి నీరు పట్టిందని మా అత్తయ్య బార్లీ నీళ్ళు కాచి ఇచ్చేది. థైరాయిడ్ చూశారు, మామూలుగానే ఉంది. మూత్ర పరీక్షలో ఆల్బుమిన్ అనే ప్రొటీను విపరీతంగా కనబడ్డాక గుంటూరులో కిడ్నీ డాక్టరు దగ్గరికి పంపారు.

బయాప్సీలో మెంబ్రేనస్ నెఫ్రోపతీ అని తేలింది. రక్తాన్ని వడగట్టే పొరలు దెబ్బతిని, ఒంట్లో ఉండాల్సిన ప్రొటీను మూత్రంలో పోతోంది. అందులో నెల్-1 అనే రకమట. ఇది కొందరికి క్యాన్సర్‌తో పాటు వస్తుందని స్కాన్‌లన్నీ తీయించారు. ఆ రిపోర్టులు వచ్చేదాకా పడ్డ టెన్షన్ ముందు బయాప్సీ నొప్పి ఒక లెక్క కాదు. క్యాన్సర్ లేదని తేలాక డాక్టరుగారు, "నాటు మందులు, భస్మాలు ఏమన్నా వాడారామ్మా?" అన్నారు. లేదన్నాను.

"మొహానికి ఏం రాస్తారు?"

పార్లర్‌లో ఇచ్చిన క్రీము డబ్బా మర్నాడు పట్టుకెళ్ళాను. తయారీదారు అడ్రసు లేదు, ఏం కలిపారో లేదు. అడుగున సన్న అక్షరాల్లో మాత్రం బంగారం, వెండి తగలనివ్వొద్దని ఉంది. ఆయన ఆ లైను మీదే వేలు పెట్టారు. పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుందని కంసాలి వీధిలో పెరిగినదాన్ని, నాకు ఒకరు చెప్పాలా!

థర్మామీటర్ పగిలితే గచ్చు మీద ఉరికే పాదరసం వేరు, ఇలాంటి క్రీముల్లో కలిపే దాని లవణాలు వేరు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవకుండా ఈ లవణాలు అడ్డుపడతాయి. అందుకే నిజంగానే తెల్లబడతాం, అదే వచ్చిన చిక్కు. చర్మం గుండా లోపలికి పోయి కిడ్నీల్లో చేరతాయి. కేరళలో మలప్పురం జిల్లా డాక్టర్లు 2021-23 మధ్య ఈ జబ్బుతో వచ్చిన 22 మందిని చూస్తే, 15 మందిది నెల్-1 రకమే. వాళ్ళలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు రాసుకున్నవాళ్ళు. మన దేశంలో 2020 నిబంధనల ప్రకారం, కంటికి వాడేవి తప్ప మిగతా సౌందర్య సాధనాల్లో అనుకోకుండా చేరిన పాదరసం కూడా పది లక్షల పాళ్ళలో ఒక పాలు దాటకూడదు.

నా మూత్రంలో పాదరసం ఎక్కువే వచ్చింది. స్టెరాయిడ్లు అక్కర్లేకపోయింది. క్రీము మానిపించి, ప్రొటీను పోకుండా టెల్మిసార్టాన్, వాపుకి నీటి మాత్ర ఇచ్చారు. ఊరగాయలు బంద్. ముందు వాపు తీసింది, ప్రొటీను తగ్గడానికి మాత్రం నెలలు పట్టింది. ఒకే తువ్వాలు, ఒకే పక్క కాబట్టి మా అమ్మాయికీ పరీక్ష చేయించారు, దేవుడి దయవల్ల ఏమీ లేదు. పాత రంగు వచ్చేసింది. పెళ్ళిళ్ళలో "ఎండలో తిరుగుతున్నావా ఏంటి, ఇలా నల్లబడ్డావు?" అంటారు. తిరుగుతున్నానని చెప్పి పక్కకి పోతాను.

పార్లర్ ఆవిడకి చెబితే, "మిగతావాళ్ళకి ఏమీ కాలేదే" అంది. మా ఆయన డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో కాగితం రాసిచ్చి, దానితోపాటు ఆ డబ్బా కూడా ఇచ్చి వచ్చారు.