మన జెండా పండుగ, పుస్తకంల లేని పేర్లు

మనం చదువుకున్న బడిల జెండా పండుగ ఆగస్టు 14 సాయంత్రమే మొదలయ్యేది. రంగు కాగితాలు కత్తిరించి సుతిలికి అంటించుడు ఎనిమిదో తరగతోళ్ల పని, లై పట్టిన చేతులు రాత్రి అన్నం తినేదాక జిగట జిగటగనే ఉండేటివి. జెండా కట్టుడు మాత్రం డ్రిల్లు సార్ ఎవ్వరికీ ఇయ్యకపోయేది. బల్ల మీద జెండా పరిచి, నడుమ పూరేకులు పోసి, మడత మీద మడత పెట్టి, జారుముడి ఏసి, ఒకసారి గుంజి చూసి, రేకులన్నీ కింద పడితే మళ్ల ఏరి మళ్ల కట్టేది. ముడి బిగుసుకుంటే తెల్లారి అందరి ముంగట హెడ్మాస్టర్ సార్ తాడు గుంజుకుంట నిలబడాలె గద!

అసలు పద్ధతైతే ఆగస్టు 15కు జెండాను కింది నుంచి పైకి ఎక్కియ్యాలె, జనవరి 26కు పైన కట్టి ఉన్నదాన్ని విప్పాలె. మన దగ్గర రెండుసార్లూ విప్పుడే, పూలు పడకపోతే పిల్లలు ఊకుంటరా మరి.

తర్వాత స్పీచులు. గాంధీ, నెహ్రూ, భగత్‌సింగ్ అయిపోంగనే అందరి కండ్లు బూందీ పొట్లాల మీదికి పోయేటివి. ఒక్క సోషల్ సార్ మైకు పట్టుకుంటేనే కథ వేరే ఉండేది. "ఆ రోజు ఢిల్లీల జెండా ఎగిరింది, మన వరంగల్‌ల ఎగరలే" అని షురూ చేసేది. నిజమే గద, 1947 ఆగస్టు 15 నాటికి మనం ఇంకా ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కిందనే ఉన్నం, ఆయన ఇండియాల కలువనన్నడు, 1948 సెప్టెంబర్ 13న మిలటరీ లోపలికొస్తే 17న లొంగిపోయిండు. అంటే మన తాతలకు ఏడాది మీద ఇంకో నెల లేటు.

ఆ లోపల ఇక్కడ జెండా పట్టుకునుడంటే పానం మీదికి తెచ్చుకునుడే. 1946 ఆగస్టు 11న మన ఖిలా వరంగల్ కోటల జెండా ఎగరేసినందుకు రజాకార్లు మీద పడి బత్తిని మొగిలయ్య గౌడ్‌ను చంపిండ్రు. కోటకు మనం ఎన్నిసార్లు పోలే, తోరణాల కింద ఫొటోలు దిగి, మక్కకంకులు తిని వచ్చినం, మొగిలయ్య పేరు ఒక్కరన్న ఎత్తిండ్రా? టౌన్ల ఆయన పేరు మీద హాలు ఉన్నది, అండ్ల పెండ్లి భోజనాలు తిన్నోళ్లకు కూడా ఆయన ఎవరో తెల్వదు.

మన వరంగల్ దగ్గరి పరకాలది ఇంకా ఘోరం. 1947 సెప్టెంబర్ 2న చుట్టుపక్కల పల్లెల జనం జెండా ఎగరేద్దామని ఊరేగింపుగ వస్తే వాళ్ల మీద నిజాం మనుషులు కాల్పులు జరిపిండ్రు, ఇరవై మందికి పైనే పోయిండ్రు. 2003ల అక్కడ చెన్నమనేని విద్యాసాగర్‌రావు అమరధామం కట్టిచ్చిండ్రు, ఆ రోజు ఎట్ల జరిగిందో బొమ్మల రూపంల పెట్టిండ్రు. హైదరాబాద్‌ల స్థిరపడ్డ మనోళ్లు పండుగకు ఊరికొచ్చినప్పుడు లక్నవరం పోతరు, రామప్ప పోతరు, ఇటు మాత్రం రారు. నాకైతే ఇది నచ్చదు, అనేది అంటున్న.

ఇంకోటి. రోజూ ప్రేయర్ల చెయ్యి చాపి చెప్పిన ప్రతిజ్ఞ ఎవరు రాసిండ్రో మనలో ఎంతమందికి ఎరుక? నల్గొండ పక్కన అన్నెపర్తిల పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. విశాఖపట్నంల ట్రెజరీ ఆఫీసర్‌గ ఉన్నప్పుడు 1962ల తెలుగులనే రాసిండ్రు, ఆ తర్వాత అన్ని భాషలల్లకు పోయి దేశం మొత్తం బడి పిల్లలు చెప్పుడు మొదలైంది. మన పుస్తకం మొదట్ల ప్రతిజ్ఞ ఉండె, కింద పేరు లేకుండె. గది కూడా సోషల్ సార్ చెప్తేనే తెలిసింది, అప్పుడు మనం వెనక బెంచీల నవ్వుకుంట కూసున్నం.

ఇంతకీ సంగతేందంటే, వచ్చే సెప్టెంబర్ 2కు తొమ్మిది, పది తరగతుల పిల్లలను బస్సుల పరకాల తీసుకపోదామని మా బ్యాచ్ గ్రూపుల మాట్లాడుకుంటున్నం. బస్సు కిరాయి మేం చూసుకుంటం, పొద్దటి టిఫిన్లు సీనియర్ అన్నలు ఒప్పుకుంటే హెడ్మాస్టర్ సార్‌కు ఇప్పుడే చెప్పి పెడ్తం.