నాలుగు కోర్ల ఐ3నా, ఇరవై ఎనిమిది కోర్ల జియానా?

కొత్తగా కంప్యూటర్ కొనబోయేవారు ఈ మధ్య నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. తక్కువ ధరలో వచ్చే కొత్త డెస్క్‌టాప్ ప్రాసెసర్ తీసుకోవాలా, లేక దాదాపు అదే డబ్బుకు సెకండ్ హ్యాండ్‌లో దొరికే పెద్ద సర్వర్ ప్రాసెసర్ తీసుకోవాలా అన్నది వారి సందేహం. ఏలూరులో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే మా బావమరిదికి కూడా ఒక దుకాణంలో ఇంటెల్ కంపెనీ సర్వర్ ప్రాసెసర్లు, జియాన్ ఇ5-2680 వి4 రకానివి, రెండు బిగించిన వర్క్‌స్టేషన్ చూపించారట. అతను దాన్ని అదే కంపెనీ చవక డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఐ3తో పోల్చుకున్నాడు. ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే ఒక్కొక్క భాగాన్ని కోర్ అంటారు. "బావా, దీంట్లో ఇరవై ఎనిమిది కోర్లున్నాయి, ఐ3లో నాలుగే. ఇంకా ఆలోచించడానికేముంది?" అన్నాడు. ఆలోచించవలసింది చాలానే ఉంది. అతని వృత్తిలో ఉన్నవారు మన రెండు రాష్ట్రాల్లో ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. ముహూర్తాల సీజన్‌లో నిద్ర మానుకుని సంపాదించిన డబ్బును వారు ఈ యంత్రాల మీద పెడతారు. అందుకే అతనికి ఫోన్‌లో చెప్పిన మాటలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ జియాన్ సంగతి చెప్పాలి. అది చెడ్డ ప్రాసెసర్ కాదు. 2016లో విడుదలైనప్పుడు ఇంటెల్ దానికి ప్రకటించిన ధర 1,745 డాలర్లు. 14 కోర్లు, 28 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), 35 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ), నాలుగు మెమరీ చానెళ్ళు (మెమరీకి వెళ్ళే దారులు) ఉన్న ఆ ప్రాసెసర్‌ను బ్యాంకుల్లోనూ డేటా సెంటర్లలోనూ రాత్రింబవళ్ళు నడపడానికే తయారుచేశారు. పెద్ద సంస్థలు కొన్నేళ్ళకొకసారి సర్వర్లను మూకుమ్మడిగా మార్చేస్తాయి కాబట్టి, అవి తీసివేసిన ప్రాసెసర్లు వేల సంఖ్యలో సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు చేరి, ఒకప్పుడు లక్ష రూపాయలు దాటిన సరుకు ఈనాడు ఎంతో చవకగా దొరుకుతోంది. ధర ఇంతగా పడిపోవడం చూసి ఇందులో ఏదో మోసం ఉందని అనుమానించనక్కరలేదు. తమకు కావలసిన పనిని అంతకంటే తక్కువ కరెంటుతో చేసే కొత్త ప్రాసెసర్లు రావడం వల్లనే ఆ సంస్థలు వీటిని వదిలించుకున్నాయి.

ఇక కోర్ ఐ3-12100 విషయానికి వస్తే, అది 2022 జనవరిలో వచ్చింది. ప్రకటించిన ధర 130 డాలర్ల లోపే. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు మాత్రమే ఉన్నా దాని గరిష్ఠ వేగం 4.3 గిగాహెర్ట్జ్ కాగా, జియాన్‌ది 3.3 గిగాహెర్ట్జ్. గిగాహెర్ట్జ్‌లో కనిపించని తేడా మరొకటి ఉంది. ఆరేళ్ళలో కోర్ నిర్మాణమే మారిపోవడం వల్ల, ఐ3లోని కోర్ ఒక్కొక్క గడియార స్పందనలో (ఒక గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు అలాంటివి వంద కోట్లు) పాత కోర్ కంటే ఎక్కువ పని చేస్తుంది. రెండూ కలిసి, ఒకే కోర్ మీద నడిచే పనిలో ఐ3 ఆ జియాన్‌కు రెట్టింపుకు దగ్గరగా వెళ్తుంది. ఒక ప్రోగ్రామ్ తెరవడం, టైమ్‌లైన్ మీద క్లిప్‌ను కత్తిరించడం, ఫోల్డర్‌లో వందల ఫోటోలు చూడటం వంటి రోజువారీ పనుల్లో మనిషి ఎదురుచూసే సమయంలో ఎక్కువ భాగం ఒకటి రెండు కోర్ల మీదే ఆధారపడి ఉంటుంది. ఆ సమయంలో మిగిలిన ఇరవై ఆరు కోర్లు చేసే సాయం ఏమీ ఉండదు.

ఆ జియాన్ పాతది కాబట్టి అలా ఉంది, దానికంటే కొత్త సర్వర్ ప్రాసెసర్ తీసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు కదా అని అడగవచ్చు. 2022 నవంబరులో ఇంటెల్ పోటీ సంస్థ ఏఎండీ విడుదల చేసిన సర్వర్ ప్రాసెసర్ ఎపిక్ 9654ను చూద్దాం. 96 కోర్లు, 192 థ్రెడ్లు, 384 ఎంబీ ఎల్3 క్యాష్, 360 వాట్లు. విడుదల నాటి ధర 11,805 డాలర్లు, అంటే అప్పటి మారకం ప్రకారం పది లక్షల రూపాయలకు కాస్త తక్కువ. దానిలో ఒక్కొక్కటి ఎనిమిది కోర్లు గల చిన్న చిప్పులు పన్నెండు ఉంటాయి. ఏఎండీ సాధారణ రైజెన్ 7000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వాడినవి కూడా ఇవే చిప్పులు. అంటే రైజెన్ 5 7600 కొన్న విద్యార్థికీ, పది లక్షలు పెట్టిన సంస్థకూ దొరికే కోర్ ఒకటే. కాకపోతే ఆ కోర్ విద్యార్థి దగ్గర 5.1 గిగాహెర్ట్జ్ వరకూ వెళ్తుంది, సర్వర్‌లో 3.7 దగ్గర ఆగిపోతుంది. కారణం విద్యుత్తు. 360 వాట్లను 96 కోర్లకు పంచితే ఒక్కోదానికి నాలుగు వాట్లు కూడా రావు, 60 వాట్ల ఐ3లో ఒక్కో కోర్‌కు పదిహేను వాట్లు దక్కుతాయి. తొంభై ఆరు పొయ్యిలున్న పెళ్ళి వంటశాలలో వేలమందికి వండవచ్చు గాని, ఒక గిన్నెలో అన్నం ఉడికే సమయం ఇంట్లో కంటే తగ్గదు.

పని ఎంతవరకు పంచుకోదగినదో లెక్కగట్టే పద్ధతిని జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజనీరు 1967లోనే చూపించాడు. ఒక పనిలో తొంభై శాతాన్ని కోర్ల మధ్య పంచవచ్చు, పది శాతం మాత్రం ఒకే కోర్ మీద వరుసగా జరగాలి అనుకుందాం. నాలుగు కోర్లతో ఆ పని దాదాపు మూడు రెట్లు త్వరగా పూర్తవుతుంది. తొంభై ఆరు కోర్లతో తొమ్మిది రెట్లు. ఎన్ని కోర్లు కలిపినా పది రెట్లు దాటదు. పంచదగిన భాగం సగమే అయితే నాలుగు కోర్లు 1.6 రెట్లు ఇస్తే, తొంభై ఆరు కోర్లు రెండు రెట్లకు కూడా చేరవు. ఇక్కడ అన్ని కోర్ల వేగం సమానమనుకున్నాము. సర్వర్ కోర్ నెమ్మదిదైతే ఆ కొద్దిపాటి లాభం కూడా కరిగిపోతుంది.

అయితే మా బావమరిది విషయంలో తీర్పు ఇచ్చింది కోర్ల లెక్క కాదు, అతని కెమెరా. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటికి వీడియోను కుదించి దాచే హెచ్‌ఈవీసీ పద్ధతిలో, రంగుల వివరాలు ఎక్కువగా ఉండే 10-బిట్ 4:2:2 రూపంలో రికార్డు చేసే సదుపాయం ఉంది. ఆ ఫైలు చిన్నదిగా ఉంటుంది, రంగులు దిద్దుకోవడానికి బాగుంటుంది, కానీ దాన్ని విప్పి తెర మీద చూపించడం ప్రాసెసర్‌కు చాలా కష్టం. ఒక ఫ్రేమ్‌ను విప్పాలంటే దాని ముందు వెనుకల ఫ్రేముల సమాచారం కూడా కావాలి కాబట్టి, ఆ పనిని ఇష్టం వచ్చినన్ని ముక్కలుగా పంచడం కుదరదు. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసేవారందరికీ తెలిసిన బాధ ఇది. జీలకర్రబెల్లం ఘట్టం మూడు కెమెరాల్లో ఉంటుంది, మూడూ టైమ్‌లైన్ మీద పెట్టి ప్లే నొక్కితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, సరైన క్షణంలో కట్ చేయడం సాధ్యం కాదు.

ఈ పని కోసమే ఇంటెల్ తన డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్ భాగంలో క్విక్ సింక్ అనే ప్రత్యేక యంత్రాంగాన్ని పెట్టింది. ఐ3-12100లోని యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ ఈ 10-బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీని నేరుగా విప్పగలదు. ఎడిటింగ్ ప్రోగ్రాములైన ఎడియస్, ప్రీమియర్ ప్రో రెండూ దాన్ని వాడుకోగలవు. జియాన్ ఇ5లో గ్రాఫిక్స్ భాగమే లేదు. గ్రాఫిక్స్ కార్డు విడిగా పెట్టుకుంటే సరిపోదా అంటే, ఎన్‌విడియా కార్డుల్లో 4:2:2ను విప్పే సదుపాయం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణితోనే మొదలైంది. అంతకు ముందరి కార్డు ఎంత ఖరీదైనదైనా ఈ ఒక్క విషయంలో చేతులెత్తేస్తుంది. కాబట్టి ఇరవై ఎనిమిది కోర్ల యంత్రం చెమటోడ్చి చేసే పనిని నాలుగు కోర్ల ఐ3 తన పక్కనున్న చిన్న భాగానికి అప్పగించి నిశ్చింతగా ఉంటుంది. ఈ వృత్తిలో ఉన్నవారు ప్రాసెసర్ ఎంచుకునేటప్పుడు కోర్ల సంఖ్య కంటే ముందు ఈ విషయం చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక్కడే దుకాణాల్లో జాగ్రత్తగా ఉండవలసిన సంగతి ఒకటుంది. ఐ3-12100 వెనుక ఎఫ్ అనే అక్షరం ఉంటే ఆ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు, క్విక్ సింక్ కూడా ఉండదు. అది కాస్త చవక కాబట్టి, ఎలాగూ గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుంటారు కదా అని దాన్నే అంటగడతారు. ఆటలు ఆడుకునేవారికి ఆ సలహా సరైనదే. వీడియో ఎడిటింగ్ చేసేవారు మాత్రం ఎఫ్ లేనిదే అడిగి తీసుకోవాలి.

మెమరీ విషయంలోనూ సర్వర్ గొప్పతనం చూసి తొందరపడకూడదు. ఎపిక్ 9654కు పన్నెండు చానెళ్ళ డీడీఆర్5-4800 మెమరీ ఉంటుంది. దాని ద్వారా సెకనుకు 460 జీబీ సమాచారం అందుతుంది. వినడానికి అద్భుతంగా ఉంటుంది, కానీ కోర్లకు పంచితే ఒక్కోదానికి 4.8 జీబీ. సాధారణ డీడీఆర్4-3200 మెమరీ స్టిక్‌లు రెండు పెట్టిన ఐ3లో ఒక్కో కోర్‌కు 12.8 జీబీ వస్తుంది. అన్ని కోర్లూ ఒకేసారి పనిచేస్తేనే సర్వర్ తన శక్తిని చూపగలదు. పైగా రెండు ప్రాసెసర్లున్న బోర్డు మీద ఒక ప్రాసెసర్ తన పక్క మెమరీని త్వరగా అందుకుంటుంది, రెండోదాని పక్కనున్న మెమరీని ఆలస్యంగా అందుకుంటుంది. ఈ భేదాన్ని గుర్తించి పనిని పంచుకునే తెలివి డేటాబేస్ సాఫ్ట్‌వేర్లకు ఉంటుంది గాని, ఇంట్లో వాడే ప్రోగ్రాముల్లో చాలావాటికి ఉండదు.

మిగిలిన చిక్కులు త్వరగా చెప్పేస్తాను. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఆ జియాన్లున్న ఇ5 వి4 శ్రేణి విండోస్ 11 ఆమోదిత జాబితాలో లేదు. ఆ జియాన్ కూర్చునే సాకెట్‌లో ఇంకా కొత్త ప్రాసెసర్ రాదు, ఐ3 పెట్టిన ఎల్‌జీఏ 1700 సాకెట్ బోర్డులో మాత్రం బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుని 14వ తరం వరకూ ఐ5, ఐ7 వేసుకోవచ్చు. రెండు జియాన్లు పూర్తి భారంతో నడిస్తే అవే 240 వాట్లు లాగుతాయి, దానికి గ్రాఫిక్స్ కార్డు కలిస్తే మామూలు 600 వీఏ యూపీఎస్ తట్టుకోలేదు. కరెంటు పోయిన మరుక్షణం సగం రెండర్ అయిన (పూర్తి వీడియోగా తయారవుతున్న) ఫైలు పోతుంది. అదనంగా 150 వాట్లు, రోజుకు పది గంటలు అనుకుంటే నెలకు 45 యూనిట్లు. స్టూడియో మీటరు కమర్షియల్ కేటగిరీలో ఉంటే ఆ యూనిట్లు తేలికగా తీసుకోదగినవి కావు.

సర్వర్ ప్రాసెసర్ ఎవరికీ అక్కరలేదని నేను చెప్పడం లేదు. ఇరవై మంది గుమాస్తాలున్న ఆడిటర్ కార్యాలయాన్ని ఊహించండి. అందరూ తమ తమ బల్లల దగ్గర నుంచి ఒకే యంత్రంలోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో లాగిన్ అయి ట్యాలీ నడుపుతారు. ఇరవై పనులూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కాబట్టి ఆమ్‌డాల్ చెప్పిన ఆటంకం ఇక్కడ చాలావరకు ఉండదు, ప్రతి కోర్ ఉపయోగపడుతుంది. అక్కడ మెమరీలో ఒక బిట్ తారుమారైతే ఒక ఖాతాదారు లెక్కే తప్పుగా నమోదు కావచ్చు. అందువల్ల ఒక బిట్ తప్పును దిద్ది, రెండు బిట్ల తప్పును పట్టుకునే ఈసీసీ మెమరీ అవసరం నిజమైనది. అయితే అటువంటి కార్యాలయానికి కూడా 96 కోర్లు అక్కరలేదు. 2024 మేలో ఏఎండీ తెచ్చిన ఎపిక్ 4004 శ్రేణి డెస్క్‌టాప్ రైజెన్ల ఏఎం5 సాకెట్‌లోనే కూర్చుంటుంది, 16 కోర్ల వరకూ ఉంటుంది, ఈసీసీకి అధికారిక మద్దతు ఉంది. విండోస్ సర్వర్ లైసెన్సును కోర్ల లెక్కన, కనీసం పదహారు కోర్లకు కొనాలి. అంతకు మించిన ప్రతి కోర్‌కూ సాఫ్ట్‌వేర్ ఖర్చు కూడా పెరుగుతుందని మరిచిపోకూడదు.

ఎప్పుడో ఒకసారి పెద్ద యంత్రం అవసరమయ్యేవారికి, ఉదాహరణకు ప్రాజెక్టు చివరి వారంలో భారీ సిమ్యులేషన్ నడపవలసిన ఇంజనీరింగ్ విద్యార్థికి, కొనడం కంటే అద్దెకు తీసుకోవడం మేలు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే తన క్లౌడ్ కేంద్రాలను ప్రారంభించింది. పెద్ద సర్వర్‌లోని కొంత భాగాన్ని కావలసినంత సేపు వాడుకుని, అంతవరకే డబ్బు కట్టవచ్చు. పెళ్ళి వీడియోలకు మాత్రం ఇది కుదరదు. ఒక్క పెళ్ళికే వందల జీబీల ఫైళ్ళు ఉంటాయి, వాటిని పంపేలోగా ఇక్కడ ఎడిటింగే పూర్తవుతుంది.

మా బావమరిదికి నేను ఐ3-12100తో మొదలుపెట్టమని చెప్పాను, మరికొంత డబ్బు సర్దుకోగలిగితే అదే గ్రాఫిక్స్‌తో ఆరు కోర్లున్న ఐ5-12400 తీసుకోమన్నాను. మిగిలిన డబ్బును 32 జీబీ ర్యామ్‌కు, మంచి ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీకి, బ్యాకప్ కోసం విడిగా ఒక హార్డ్ డిస్క్‌కు పెట్టమన్నాను. యంత్రం బిగించాక చూసుకోవలసినది ఒకటి మిగిలింది. విడిగా గ్రాఫిక్స్ కార్డు కూడా పెట్టుకుంటే చాలా బోర్డులు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌ను తమంతట తామే ఆపేస్తాయి. బయోస్‌లోకి వెళ్ళి దాన్ని మళ్ళీ ఆన్ చేసి, ఇంటెల్ డ్రైవర్ కూడా ఇన్‌స్టాల్ చేసుకుని, టాస్క్ మేనేజర్‌లో రెండు గ్రాఫిక్స్ పేర్లూ కనిపిస్తున్నాయో లేదో చూసుకున్న తరువాతే ఎడియస్ తెరవాలి.