లాగమాకే అమ్మాయ్, ఇంకా బిగుస్తది

మొన్న ఆదివారం గుంటూరులో రిసెప్షన్. ఐదింటికల్లా బెజవాడ వారధి దాటేయాలి, లేకపోతే భోజనాలు అయిపోయాక చేరతాం అని మా ఆయన పొద్దున్నుంచీ ఒకటే గోల. నేను మూడింటికి తీరిగ్గా బీరువా తీసి గొలుసుల డబ్బా మూత తీశానా, లోపల చింతపండు ఉండలాగా ఒక ముద్ద. నా సన్న గొలుసు, బీసెంట్ రోడ్డులో కొన్న వన్‌గ్రామ్ గోల్డు లాంగ్ చైను, మా పిన్ని ఇచ్చిన చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ గొలుసు, మా పాప వెండి గొలుసు, నాలుగూ కలిసి ఒకటే ముద్ద.

తప్పు నాదేలెండి. పోయిన నెల సత్యనారాయణపురం నుంచి పటమట మారాం, బంగారం ఆటోలో వద్దులే అని అన్నీ ఒక ఖాళీ లడ్డూ డబ్బాలో పడేసి స్కూటీ డిక్కీలో పెట్టుకుని నేనే తీసుకొచ్చా. మన రోడ్ల మీద డిక్కీలో డబ్బా అంటే మిక్సీలో వేసినట్టే కదా. తర్వాత నెట్‌లో చూస్తే తెలిసింది, 2007లో అమెరికాలో శాన్‌డియాగోలో ఉన్న కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు అచ్చం ఇదే పని చేశారంట, ఒక పెట్టెలో దారం వేసి గిరగిరా తిప్పి చూడటం, అదీ 3,415 సార్లు! సెకన్లలోనే ముళ్లు పడిపోయాయంట, 120 రకాల ముళ్లు. 46 సెంటీమీటర్ల కన్నా పొట్టి దారానికి మాత్రం అసలు పడలేదంట. మనం మామూలుగా కొనే 18 అంగుళాల గొలుసు సరిగ్గా దాని దగ్గరే ఉంటది, అయినా నాకు పడింది. ఒక్కటే వేస్తే పడకపోయేదేమో, నేను నాలుగు వేశాను మరి.

సరే ఆ మూడింటప్పుడు ఈ సైన్సు ఎవడికి కావాలి. రెండు కొసలు పట్టుకుని లాగా. ఇంకో చోట లాగా. అప్పటిదాకా వేలు దూరేంత వదులుగా ఉన్న చోట కూడా గట్టిగా బిగుసుకుని ఆవగింజంత అయింది. మా ఆయన వచ్చి చూసి కటింగ్ ప్లేయరు తేనా అన్నాడు, నేను చూసిన చూపుకి మనిషి మళ్లీ ఆ గదిలోకి రాలేదు. షాపుకి పట్టుకెళ్దామా అంటే నాకు భయం, నాలుగేళ్ల క్రితం ఒక షాపులో ఇలాగే ముడి పడ్డ గొలుసు ఇస్తే ఐదు నిమిషాల్లో కత్తిరించి అతికించి ఇచ్చేశారు, ఆ అతుకు ఇప్పటికీ మెడ దగ్గర గుచ్చుకుంటది.

అప్పుడు గుర్తొచ్చింది బందరు పిన్ని. పెళ్లైన కొత్తలో పిన్ని చిలకలపూడిలో ఇంట్లోనే కూర్చుని రోల్డ్‌గోల్డ్ గొలుసులకి రింగులు కలిపే పని చేసేది, అరుగు మీద కూర్చుని మాట్లాడుతూనే చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. వీడియో కాల్ చేసి ముద్దని కెమెరా ముందు పెట్టా. ఇంకా హలో కూడా అనకుండా "లాగమాకే అమ్మాయ్, ఇంకా బిగుస్తది" అంది. లాగేశానే పిన్నీ అంటే "తెలుస్తానే ఉంది" అంది.

ముందు కొక్కేలన్నీ తీయమంది. నాకు అర్థం కాలా, తీస్తే ఇంకా కలిసిపోవా అని. కొక్కెం పెట్టున్న గొలుసు రింగులాంటిది కదా, అది ఎంత చుట్టుకున్నా అసలు ముడి పడదంట, ఉత్త చిక్కే. నిజం ముడి పడేది తెరిచున్న కొస ఇంకో దాంట్లోంచి దూరినప్పుడే. నా నాలుగిట్లో మూడు తెరిచే ఉన్నాయి, ఇహ ఏ కొస ఎక్కడ దూరిందో, వచ్చిన దారినే బయటికి పంపాలంటే నాలుగోది కూడా తెరవాల్సిందే.

తర్వాత స్టీలు పళ్లెం బోర్లించి దాని మీద తెల్ల కాగితం పరిచి ముద్ద పెట్టి పాండ్స్ పౌడర్ చల్లమంది. నేను బేబీ ఆయిల్ కూడా పోయనా అన్నా, ఎక్కడో వీడియోలో చూశాలే. "రెండూ పోస్తే పిండి ముద్దవుద్ది, ఏదో ఒకటి" అంది. పౌడర్ అయితే దులిపేస్తే పోద్ది, నూనె అయితే మళ్లీ కడుక్కోవాలి, అందుకని ముందు పౌడర్. అరచేత్తో ఆ ముద్దని అప్పడాల పిండి ఉండ చేసినట్టు మెత్తగా, అసలు బరువు వేయకుండా, అటూ ఇటూ దొర్లించా. రెండు నిమిషాలకి చుట్టూ ఉన్న చిక్కంతా దానంతటదే జారి, మధ్యలో అసలు ముళ్లు మూడు మాత్రం మిగిలాయి.

ఇక గుండుసూదులు. రెండు కావాలి. ఒకటి ముడి నడుమ గుచ్చి పళ్లేనికి ఆనించి కదలకుండా పట్టుకోవాలి, రెండోదాని మొనతో పైనున్న లింకుల వరస కింద దూర్చి పైకి కాదు, పక్కకి తోయాలి. పిన్ని ఇది మూడుసార్లు చెప్పింది, పైకి లేపితే లింకు సాగుద్ది అని. 916 బంగారం మెత్తన కదా, 91.6 శాతం బంగారమే, సన్న గొలుసుకి ఒక్క రింగు నోరు తెరుచుకుందంటే ఇక లాకెట్టు ఎక్కడ పడిపోయిందో బస్టాండులో వెతుక్కోవాలి. ఫోను లైటు పక్క నుంచి వేసుకుని చూస్తే ఆవగింజ మధ్యలో వెంట్రుక వాసి సందు కనపడింది. అక్కడ మొన పెట్టి కదుపుతూ కదుపుతూ ఉంటే ఒక్కసారిగా వదులైంది, అబ్బా ఆ క్షణం ఉంటది చూడండీ, వేళ్లకి ముందు తెలుస్తది, తర్వాత కళ్లకి.

నాలుగుంపావుకి నా సన్న గొలుసు బయటికొచ్చింది, ఆ వెనకే లాంగ్ చైను. దాన్ని మాత్రం దొర్లించేటప్పుడే జాగ్రత్తగా ఉండాల్సింది, పైపూత అంతా పల్చటిది, ఒకచోట రంగు వెలిసింది. ముత్యాల దండ ఉంటే దాని జోలికి నూనె, నిమ్మకాయ, షాంపూ ఏవీ పోనివ్వద్దని పిన్ని అడక్కుండానే చెప్పింది, ముత్యం పులుపుకి కరుగుద్ది, దారం తడిస్తే వదులవుద్ది. ఇంకా ఏదో చెప్తుంటే కింద నుంచి హారన్ మొదలైంది, పెట్టేశా.

రిసెప్షన్‌కి ముప్పావు గంట లేటు. భోజనాలు అవ్వలేదు, ఆ మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు బెంజ్ సర్కిల్ దగ్గర కొబ్బరిబోండం తాగి ఇంకో నాలుగు స్ట్రాలు ఇవ్వు బాబూ అంటే అతను వింతగా చూశాడు. 2022 జూలై నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు బ్యాన్ కదా, ఇచ్చినవి కాగితంవి, గొలుసులు దాచడానికి అవే చాలు. స్ట్రాలోంచి గొలుసు ఒక కొస దూర్చి అటువైపు తీసి కొక్కెం పెట్టేస్తే అయిపోయింది, ఇక డబ్బాని ఊపినా మెలితిరగదు. మా పాప అది చూసి నా గొలుసేది అంది. దానిదీ, రోల్డ్‌గోల్డ్‌దీ ఇంకా ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి, మూడో ముడి నా వల్ల కాలేదు. కాగితంలో చుట్టి పక్కన పెట్టా. "సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తాలే, అప్పటిదాకా దాన్ని ముట్టుకోమాక" అంది పిన్ని.