లోపలి క్లాసు పేరు పట్టుకోవడం: నా అనుభవం

గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్ల వాళ్లు రైతుకిచ్చే పట్టీని (అమ్మకం లెక్క చీటీని) తయారుచేసే ప్రోగ్రాం మాది. జావాలో రాసింది. కమిషన్, హమాలీ, కాటా... ఒక్కో కోతకీ ఒక్కో చిన్న క్లాసు (పేరున్న కోడ్ ముక్క), అన్నీ 'కోతలు' అనే పెద్ద క్లాసు లోపలే. ఏ కొట్టుకి ఏవి వర్తిస్తాయో సెట్టింగ్స్ ఫైల్లో క్లాసు పేర్లు ఉంటాయి. ప్రోగ్రాం వాటిని చదివి రిఫ్లెక్షన్‌తో, అంటే నడుస్తుండగానే పేరును బట్టి క్లాసుని వెతికే పద్ధతితో, లోడ్ చేసుకోవాలి. ఫిబ్రవరిలో సరుకు పోటెత్తకముందే ఇది తేలాలి.

ఫైల్లో 'కోతలు.హమాలీ' అని చుక్కతో ఉంది. దాన్ని ఫర్‌నేమ్‌కి (పేరిస్తే క్లాసుని తెచ్చే జావా మెథడ్‌కి) ఇస్తే క్లాస్ నాట్ ఫౌండ్ అంటోంది. కోడ్‌లో రాసేది చుక్కతోనే కదా! కంపైలైన ఫోల్డర్ తెరిచాక సంగతి అర్థమైంది. అక్కడున్న పేరు 'కోతలు$హమాలీ'. లోపలి క్లాసులు 1997లో జావా 1.1తో వచ్చాయి. కోడ్‌ని మెషీన్ నడిపే రూపంలోకి మార్చే కంపైలర్ ఒక్కోదాన్నీ విడి ఫైలుగా, మధ్యలో డాలర్ గుర్తు పెట్టి రాస్తుంది. ఆ ఫైళ్లని నడిపే జావా వర్చువల్ మెషీన్‌కి తెలిసిన పేరు అదే. క్లాసుని పేరడిగే మెథడ్లలో గెట్‌నేమ్ ఇచ్చేదీ అదే. గెట్‌కనానికల్‌నేమ్ చుక్కతో ఇస్తుంది, గెట్‌సింపుల్‌నేమ్ ఒట్టి 'హమాలీ' అంటుంది. తెర మీద చూపించడానికి ఆ చివరిది చాలు.

"చుక్క తీసి డాలర్ పెట్టేస్తే సరిపోద్ది కదన్నా" అన్నాడు పక్క సీటు కుర్రాడు. కానీ ప్యాకేజీ (క్లాసులు పెట్టే ఫోల్డర్ లాంటిది) పేర్లలోనూ చుక్కలే. ఏది ఎవరిదో పేరు చూసి ఎలా చెప్తాం? పైగా మామూలు క్లాసు పేరులో కూడా డాలర్ చెల్లుతుంది. అందుకని పేర్లతో కుస్తీ మానేసి పెద్ద క్లాసునే అడిగాం. లోపలి క్లాసుల జాబితా ఇచ్చే గెట్‌డిక్లేర్డ్‌క్లాసెస్ ప్రైవేట్‌వి కూడా ఇస్తుంది, కానీ ఒక్క అంతస్తే. ఇంకా లోపలున్నవాటికి మళ్లీ మళ్లీ అదే పిలవాలి. వచ్చిన వాటి గెట్‌నేమ్‌లే ఫైల్లోకి ఎక్కించాం.

అయినా రాయితీ కోత ఒకటి జాబితాలో లేదు. అది పేరు పెట్టకుండా రాసిన అనానిమస్ క్లాసు. గెట్‌నేమ్ అడిగితే 'కోతలు$1', సింపుల్‌నేమ్ ఖాళీ, కనానికల్‌నేమ్ నల్ (అసలేమీ లేదని). దానికో పేరు పెట్టక తప్పలేదు.

కాటా క్లాసు దొరికింది గానీ ఆబ్జెక్ట్ తయారవలేదు. స్టాటిక్ కానిది, అంటే పెద్ద క్లాసు ఆబ్జెక్ట్ లేకుండా బతకలేనిది కావడంతో, ఆబ్జెక్ట్‌ని తయారుచేసే కన్‌స్ట్రక్టర్ మొదటి పారామీటర్‌గా పెద్ద క్లాసు ఆబ్జెక్ట్‌ని అడుగుతుంది. స్టాటిక్ చేశాం, తీరింది.

చివరగా లినక్స్ మెషీన్‌లో హమాలీ క్లాసును విడిగా నడిపి చూద్దామంటే నడిచింది 'కోతలు'! డాలర్ తర్వాతది తన వేరియబుల్ అనుకుని షెల్ (మనం టైప్ చేసే కమాండ్లని చదివే ప్రోగ్రాం) మింగేసింది. పేరుకి అటూ ఇటూ సింగిల్ కోట్స్ పెడితే హమాలీ లెక్క సరిగ్గా వచ్చింది.