తోటలో దొరికిన టూ స్ట్రోక్ డర్ట్ బైక్: ఇంజిన్‌ను గుర్తుపట్టి నడిపించే దాకా నా అనుభవం

మన దగ్గర పాత డర్ట్ బైక్ అని చెప్పుకునే బళ్లలో చాలా భాగం కంపెనీలో ఆ రూపంలో తయారైనవి కావు. యమహా ఆర్‌ఎక్స్ 100, సుజుకి షోగన్ వంటి రోడ్డు బళ్లకే మడ్‌గార్డులు విప్పి, వెనుక పొడవాటి షాకబ్జార్లు వేసి, గుబ్బల టైర్లు తొడిగి మట్టి ట్రాకుల మీద పరుగెత్తించేవారు. పోటీలకు తిరిగిన బండిలో ఫ్రేము ఒకదానిది, ఇంజిన్ మరొకదానిది, కార్బురేటర్ ఇంకొకదానిది కావడం మామూలే. అందువల్ల అటువంటి బండి మీద రూపాయి ఖర్చు పెట్టే ముందు అది అసలు ఏ బండో తేల్చుకోవడమే మొదటి పని అని నేను గట్టిగా నమ్ముతాను.

నా బండి నూజివీడు దగ్గర ఒక మామిడి తోటలో, మోటారు షెడ్డు వెనుక దొరికింది. ట్యాంకు మీద పేరు లేదు, సైలెన్సర్ సగానికి కోసి ఉంది, ఇంజిన్ బిగుసుకుపోయి ఉంది. అమ్మిన పెద్దాయన దగ్గర ఏపీ 16 నంబరుతో పాత ఆర్‌సీ పుస్తకం ఉంది. ఫ్రేము ఆర్‌ఎక్స్ 100దేననీ, ఇంజిన్ మాత్రం ఆర్‌ఎక్స్ 135ది మార్చారనీ ఆయన చెప్పారు. హ్యాండిల్ కింద ఫ్రేము గొట్టం మీద చాసిస్ నంబరు పెయింటు పొరల కింద మరుగునపడి ఉంది. దాన్ని ఎమరీ కాగితంతో రుద్దితే అంకెలు అరిగి, నంబరు దిద్దినట్టు అనుమానం వస్తుంది కనుక థిన్నర్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తోనే పెయింటు వదిలించాను. తర్వాత పలుచటి కాగితం పెట్టి, ఆర్టీవో ఆఫీసుకు ఇచ్చే చాసిస్ ప్రింటు లాగానే పెన్సిల్‌తో రుద్ది, వచ్చిన అంకెలను ఆర్‌సీతో పోల్చుకున్నాను. చాసిస్ నంబరూ, క్రాంక్ కేసు (ఇంజిన్ కింది డబ్బా) మీది ఇంజిన్ నంబరూ రెండూ సరిపోయాయి.

అయితే క్రాంక్ కేసు అసలుదైనంత మాత్రాన పై భాగం (సిలిండర్, పిస్టన్) కూడా అసలుదేనని చెప్పలేం. ఆర్‌ఎక్స్ 100కూ, ఆర్‌ఎక్స్ 135కూ స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) ఒకటే, 50 మిల్లీమీటర్లు. తేడా బోరులో (సిలిండర్ లోపలి వ్యాసం) ఉంది: 100లో 50 మిల్లీమీటర్లు, 135లో 58. మొదటిది 98 సీసీ అవుతుంది, రెండోది 132 సీసీ. ప్లగ్గు రంధ్రంలో డీజిలూ ఇంజిన్ ఆయిలూ కలిపి పోసి నానబెట్టి, మ్యాగ్నెట్ నట్టు పట్టుకొని కొద్దికొద్దిగా కదిలించగా పిస్టన్ వదిలింది. హెడ్డు విప్పి వెర్నియర్‌తో కొలిస్తే బోరు 51 మిల్లీమీటర్లు చూపింది. పిస్టన్ నెత్తి మీద గట్టిపడిన మసిని వెదురు పుల్లతో గోకి, పెట్రోలు గుడ్డతో తుడిచినప్పుడు, బాణం గుర్తు పక్కన ‘100’ అనే అంకె బయటపడింది. అది సీసీల లెక్క కాదు, 1.00 మిల్లీమీటరు ఓవర్‌సైజు (అసలు సైజు కంటే అంత పెద్దది) అని దాని అర్థం. అంటే ఇది నిఖార్సైన ఆర్‌ఎక్స్ 100 ఇంజినే. కాకపోతే బోరు మీద బోరు కొట్టించగా చివరి సైజుకు వచ్చేసింది, ఇక కొట్టించడానికి గోడ మిగల్లేదు. పైగా ఎవరో వేగం కోసం ఎగ్జాస్ట్ పోర్టును (పొగ బయటికి పోయే రంధ్రం) ఆకురాయితో ఎగుడుదిగుడుగా పెంచారు. ఈ రెండు కారణాల వల్ల కొత్త స్లీవు (సిలిండర్ లోపలి గొట్టం) వేయించడం తప్పలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో బోరింగ్ పని చేసే పెద్దాయన, “ముందు పిస్టన్ తెచ్చి నా చేతిలో పెట్టండి, దాని కొలత చూడకుండా బోరు కొట్టనండీ” అన్నారు. ఆ ఒక్క మాటతోనే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. బోరు అయ్యాక పోర్టుల అంచులను సన్నగా వాలుగా అరగదీయాలి, లేకపోతే పిస్టన్ రింగు వెళ్లి ఆ అంచుకు తట్టుకొని విరుగుతుంది. పిస్టన్ గాడిలో ఉండే చిన్న పిన్నుల దగ్గరే రింగుల మొనలు కలవాలి, బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు ఉండాలి.

టూ స్ట్రోక్ ఇంజిన్‌ను తిరిగి నడిపించడంలో చాలామంది వదిలేసేది కింది భాగాన్ని. పెట్రోలూ గాలీ ముందు క్రాంక్ కేసులోకే వస్తాయి కనుక అక్కడ గాలి లీకైతే పైన ఎంత మంచి పిస్టన్ వేసినా నిలవదు. క్రాంకు రెండు చివర్లా ఉండే సీళ్లలో మ్యాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి వచ్చి మిశ్రమం పలచబడి, ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ లోపలికి లాగబడి తెల్లటి పొగ ఆగదు. నేను రెండు సీళ్లూ, క్రాంక్ బేరింగులూ మార్పించి, ఇంజిన్ బిగించాక ఒక పరీక్ష చేశాను. ఎగ్జాస్టునూ, పెట్రోలూ గాలీ లోపలికి వచ్చే ఇన్‌టేకునూ రబ్బరు షీటుతో మూసి, ఒకదానికి గొట్టం అమర్చి, పాత బీపీ మిషన్ బుడ్డితో 250 అంకె దాకా గాలి నింపాను. ముల్లు మెల్లగా దిగసాగింది. సబ్బు నురుగు పూసి చూస్తే సిలిండర్ అడుగు గ్యాస్కెట్ మూలన బుడగలు వచ్చాయి. దాన్ని మార్చి మళ్లీ నింపితే ముల్లు కదలకుండా నిలబడింది. ఖర్చు దాదాపు లేని ఈ పరీక్ష చేయకుండా ఏ పాత టూ స్ట్రోక్ ఇంజిన్‌నూ స్టార్ట్ చేయకూడదన్నది నా అభిప్రాయం.

మిగతాది ఓపికతో అయ్యే పని. ట్యాంకులోని తుప్పు వదిలించి, కార్బురేటర్ జెట్లను (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలను) తీగతో పొడవకుండా గాలితోనే శుభ్రం చేశాను. మిశ్రమాన్ని వెనక్కి పోనివ్వని రీడ్ వాల్వు రేకులను వెలుగుకు ఎదురుగా పట్టి సందులు లేవని చూసుకొని, ప్లగ్గుకు నిప్పురవ్వ అందేలా చేసే పాయింట్లు శుభ్రం చేసి గ్యాపు సరిచేశాను.

పోటీల కాలంలోనే ఎవరో ఆయిల్ పంపు తీసేసి, ఆ చోటును రేకుతో మూసేశారు. అందువల్ల ఆయిల్‌ను పెట్రోలులోనే కలపాలి. కొత్త బోరు కుదురుకునే దాకా లీటరుకు 40 మిల్లీలీటర్ల టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ వాడాను. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది కనుక కలిపిన పెట్రోలును నిల్వ ఉంచకుండా ఏ రోజుకు కావలసింది ఆ రోజే కలుపుతున్నాను. ఇంజిన్ అందుకున్నాక కాసేపు నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ నడిపి, హెడ్డు నట్లను ఇంకోసారి బిగించాను. తోటలో కొంత దూరం తిప్పి ప్లగ్గు విప్పి చూస్తే మొన తెల్లగా ఉంది, అంటే పెట్రోలు చాలడం లేదు. మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాక మొన వేయించిన కాఫీ గింజ రంగుకు వచ్చింది.

ఈ రూపంలో బండిని రోడ్డెక్కించడం చట్టరీత్యా కుదరదు. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇలా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. రిజిస్ట్రేషన్‌కు మొదట ఉన్న 15 ఏళ్ల గడువు ఎప్పుడో దాటిపోయింది కూడా. అందువల్ల బండిని ఎక్కడికి తీసుకెళ్లాలన్నా ఆటో ట్రాలీలోనే తీసుకెళ్తున్నాను. అసలు హ్యాండిల్, మడ్‌గార్డులు, సైలెన్సర్ ఒక్కొక్కటిగా సేకరిస్తున్నాను. అవన్నీ బిగించి పాత రూపానికి తెచ్చాక ఫారం 25తో రెన్యూవల్‌కు దరఖాస్తు చేస్తాను.